సరేనమ్మ కొలతలు

"నేనేమన్నానని అమ్మా, నాన్న అలా లేచి వెళ్లిపోయాడు?"

కూతురు ఆ మాట అడగడం ఇది నాలుగోసారి. ఆయన బొమ్మలు గీసుకునే గది తలుపుకి లోపల గడియ పడి గంట దాటింది. భోజనాల బల్ల మీద ఆయన పళ్లెం సగం తిన్నది తిన్నట్టే ఉంది. చెంచా కింద పడి ఉంది. దాన్ని తీసే వంకతో కాసేపు ముఖం దాచుకోవచ్చని ఆవిడ బల్ల కిందికి వంగింది గానీ, చెంచా తీయడానికి ఎంతసేపు కావాలి?

"తలనొప్పి అయి ఉంటుంది లేవే," అంది పైకి లేస్తూ.

"తలనొప్పి ఉన్నవాడు తలుపు అంత గట్టిగా వేస్తాడా?"

"మీ నాన్నకి తలనొప్పి వస్తే ముందు తలుపులకే తెలుస్తుంది," అంది కిటికీ పక్క కుర్చీలోంచి పెద్దావిడ. ఆయన కన్నతల్లి. చూపు నిజంగానే తగ్గింది, వినికిడి తగ్గినట్టు నటిస్తుంది, నోరు మాత్రం ఏమీ తగ్గలేదు. "పదేళ్లప్పుడు బీరువా తలుపు విరగ్గొట్టాడు. అప్పుడూ తలనొప్పేనన్నాడు."

కూతురు నవ్వలేదు. ఆమె ముందు ఎనభై పేజీల కట్ట ఉంది. పై పేజీ మీద పెద్ద అక్షరాలతో 'సరేనమ్మ వ్యక్తిత్వం: ఐదు లక్షణాల కొలత' అని ఉంది. రేపు పొద్దున పది గంటలకి ఆ కట్ట ఇచ్చేస్తే మనస్తత్వశాస్త్రంలో ఆమె పెద్ద చదువు పూర్తయినట్టే. ఇవ్వలేకపోతే ఇంకో ఏడాది హాస్టల్లో పడి ఉండాలి.

సరేనమ్మ ఎవరో ఆ వీధిలో పసిపిల్లని అడిగినా చెబుతుంది. ఇరవై ఏళ్లుగా దినపత్రిక వెనక పేజీలో, కుడివైపు కింది మూలన, అరచేతంత డబ్బాలో ఒక నవ్వుల బొమ్మ వస్తోంది. అందులో ఒక మొగుడు, ఒక పెళ్లాం. మొగుడు ఏదో ఒకటి అంటాడు. గుండ్రటి ముక్కు, నడినెత్తిన ముడి, చేతిలో గిన్నె పట్టుకున్న పెళ్లాం "సరే" అంటుంది. అంతే. "ఇవాళ నలుగురు స్నేహితులు భోజనానికి వస్తున్నారు," అంటాడు మొగుడు. "సరే. నేను రేపు తింటాను," అంటుంది సరేనమ్మ. జనం పగలబడి నవ్వారు. ఇరవై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

ఆ ముక్కూ, ఆ ముడీ ఎవరివో కూడా వీధికి తెలుసు. దుకాణంలో పప్పు తూచేవాడి దగ్గర్నుంచి ఉత్తరాలు తెచ్చేవాడి దాకా చిత్రకారుడి భార్యని సరేనమ్మగారూ అనే పిలుస్తారు. మొదట్లో సరదాగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆవిడే తిరిగి చూస్తుంది.

"ఇంతకీ ఆ ఐదు ఏమిటే?" అంది పెద్దావిడ. "నువ్వు అన్నం దగ్గర గడగడా చదివేస్తే నాకు సగం అర్థం కాలేదు."

"మనిషి స్వభావాన్ని ఐదు పాళ్లుగా విడదీసి కొలవచ్చంటారు నానమ్మా. కొత్తవాటి మీద ఆసక్తి ఎంత, పని మీద శ్రద్ధ ఎంత, నలుగురిలో కలివిడితనం ఎంత, ఎదుటివాళ్లతో సర్దుకుపోవడం ఎంత, లోపల బెంగ ఎంత. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు."

"సర్దుకుపోవడంలో నాకెన్ని వేస్తావు?"

"సున్నా వేద్దామంటే వీల్లేదు. ఒకటితో మొదలవుతుంది."

"వేలెడంత లేవు, నన్ను కొలుస్తావుటే!" అని పెద్దావిడ మురిసిపోయింది.

చిత్రకారుడి భార్య గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. చేతులు ఆ పని చేస్తున్నాయి గానీ చెవులు రెండూ బొమ్మల గది తలుపు దగ్గర ఉన్నాయి. లోపల్నుంచి ఏదో బరువైనది కింద పడిన చప్పుడు. తర్వాత ఇంకోటి. ఆ చప్పుడు ఆవిడ పోల్చుకుంది. అటక మీది కాగితాల కట్టలు.

"బొమ్మకి స్వభావం ఏమిటే, నీ పిచ్చి గానీ," అంది, ఏదో ఒకటి అనాలని. "గీసేవాళ్లు ఎలా గీస్తే అలా ఉంటుంది."

"సరిగ్గా మా మేడమ్ అన్నదీ అదే!" కూతురు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇది చూడమ్మా. ప్రతి పదో బొమ్మా తీసుకున్నాను. మొత్తం ఏడొందల ముప్ఫై. ఏ ఏడాదివో చెప్పకుండా, కలిపేసి, ముగ్గురు స్నేహితులకిచ్చి విడివిడిగా మార్కులు వేయించాను. మొదటి పద్నాలుగేళ్లూ సర్దుకుపోవడం నాలుగున్నర. కొత్తదనం ఒకటిన్నర. గచ్చు మీద గీత గీసినట్టుంది, ఎక్కడా వంకర లేదు. అదిగో, ఆరేళ్ల కిందట, వానాకాలం దాటాక, అక్కడ విరిగింది."

ఐదో పట్టిక. పక్కనే ఒక గీత. సర్దుకుపోవడం కిందికి దిగుతోంది, కొత్తదనం పైకి ఎక్కుతోంది. రెండూ ఒకచోట ఒకదాన్నొకటి దాటుకున్నాయి.

ఆవిడ ఆ దాటిన చోటు కేసి చూసింది. ఆ నెల ఆవిడకి బాగా తెలుసు.

"పెద్దయ్యాక మనిషి స్వభావం ఇంత చప్పున మారదమ్మా. నెమ్మదిగా, ఏళ్ల మీద కాస్త కాస్త మారుతుంది. బొమ్మకి సొంత స్వభావం లేదు కాబట్టి ఇది గీసినవాళ్లదై ఉండాలి. రెండే దారులు అంది మేడమ్. గీసినాయన జీవితంలో ఏదో పెద్దది జరిగి ఉండాలి. లేదా గీసే చెయ్యి మారి ఉండాలి." కూతురు నవ్వింది. "చెయ్యి మారడమేంటి మేడమ్, మా నాన్న గీస్తుంటే ఆ గదిలోకి ఈగ కూడా దూరదు, మా అమ్మ ఒక్కతే ఇంకు అందించడానికి వెళ్తుంది అన్నాను. అయితే ఆయన చేత రాయించుకురా అంది. మొదటి బొమ్మ నుంచి నేటిదాకా బొమ్మా, మాటా అన్నీ నావేనని. అందుకే ఆ ఏడాది నీకేమైంది నాన్నా అని అడిగాను. తప్పా?"

"తప్పేం కాదు."

"పైగా పొగిడాను కూడా! కొత్త సరేనమ్మ ఎంత బాగుందో చెప్పడానికి మూడు బొమ్మలు చదివాను. 'నా కళ్లజోడు కనపడటం లేదు' అంటే 'ఎందుకు, ఏం చూడాలని?' అంటుంది చూడు, అదీ. 'కిటికీ మూసెయ్యి, దుమ్ము వస్తోంది' అంటే 'ఎందుకు? దుమ్ము మనింట్లోదే' అన్నదీ. ఇంకోటి నాకు మరీ ఇష్టం. 'ఈసారి సెలవులకి ఎక్కడికీ వెళ్లొద్దు' అంటాడు మొగుడు. సరేనమ్మ అంటుంది: 'సరే. మీరు వెళ్లకండి.' చూశావా? సరే అన్న మాట అక్కడే ఉంది, మనిషి మాత్రం మారిపోయింది. మా స్నేహితులు ముగ్గురూ దానికి సర్దుకుపోవడంలో ఒకటే వేశారు."

పొగడ్త ఎంత తియ్యగా ఉంటుందో ఆవిడకి ఆరేళ్లుగా తెలియదు. భయం పక్కనే సిగ్గులేని సంతోషం ఒకటి తల ఎత్తింది. ఆ మూడు బొమ్మలూ ఆవిడవే. గీతా ఆవిడదే, మాటా ఆవిడదే. ఆ సంగతి కూతురికి తెలియదు. మాటలు మారిన సంగతి ఇవాళ అన్నం దగ్గరి దాకా ఆయనకి తెలియదు. రెండూ తెలిసిన మనిషి ఇంట్లో తానొక్కతే. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటోంది.

గడియ తీసిన చప్పుడైంది.

"ఇదిగో. ఒకసారి రా."

"నేనూ రానా నాన్నా?" కూతురు లేచింది.

"నువ్వు కాదు. ఆ సంతకం కాగితం మీ అమ్మకిచ్చి పంపు."

*

గది నిండా కాగితాలు. రోజూ ఇంటికొచ్చే పత్రికలో వెనక పేజీ విడదీసి, నెలకో కట్ట కట్టి, అటక మీద పెట్టడం ఆవిడ పని. అది ఆయన కోరిందే. నాది కాని గీత నా పేరుతో చూడలేను, నా కంట పడనివ్వకు అన్నాడు ఆరేళ్ల కిందట. అన్న మాట ప్రకారం ఒక్క కట్ట కూడా విప్పలేదు. ఇవాళ డెబ్భై కట్టలు కిందికి లాగాడు. ముళ్లు విప్పడం ఆ వేళ్ల వల్ల కాదు కాబట్టి పళ్లతో కొరికి తాళ్లు తెంపాడు. కింది పెదవికి ఒక తాడు పోగు అంటుకుని ఉంది. దాన్ని తీయాలని ఆవిడ చెయ్యి లేచి, మళ్లీ ఆగిపోయింది.

"గడియ వెయ్యి."

వేసింది.

ఆయన చేతులు మామూలుగా జేబుల్లో ఉంటాయి. చూసేవాళ్లు అది పెద్దమనిషి దర్జా అనుకుంటారు. ఇప్పుడు మోకాళ్ల మీద బయటే ఉన్నాయి. కుడిచెయ్యి తన మానాన తాను వణుకుతోంది. ఒళ్లోని కాగితం ఆ వణుకుకి సన్నగా చప్పుడు చేస్తోంది.

"నేను చెప్పినట్టు వేసినవెన్ని, నువ్వు సొంతంగా వేసినవెన్ని?"

"లెక్క పెట్టుకోలేదండీ."

"నీ కూతురు పెట్టింది."

ఇద్దరూ గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు. ఆ గదిలో గుసగుసగా పోట్లాడుకోవడం వాళ్లకి బాగా అలవాటు. కోపం ఎంత పెరిగితే గొంతు అంత తగ్గుతుంది. బయట కూతురికి వినబడేది చిత్రకారుడు ఏదో చెబుతున్నట్టు, భార్య ఇంకు కలుపుతున్నట్టు మాత్రమే.

"మధ్యాహ్నం మూడు నుంచి ఐదింటి దాకా, రోజూ, ఇక్కడే కూర్చుని ఒక్కో మాటా నోటితో చెప్పాను. నువ్వు తల ఊపావు. ఊపి, నేను వెనక్కి వాలి కళ్లు మూసుకోగానే ఇదా రాసింది?" కాగితం ఎత్తి చూపించాడు. అది గాలిలో గిలగిల్లాడింది. "నేను చూడనని తెలిసే కదా?"

"చూస్తారేమో అనుకున్నాను."

"ఏమిటీ?"

"మొదటిసారి మాట మార్చిన రోజు. పొద్దున్నే పత్రిక మీ బల్ల మీద పెట్టాను. వెనక పేజీ పైకి ఉండేట్టు. మీరు తిడతారు, నేను మానేస్తాను, ఆ ముచ్చట అక్కడితో తీరిపోతుంది అనుకున్నాను." ఆవిడ ఆగింది. "మీరు దాని మీద కాఫీ కప్పు పెట్టుకున్నారు."

బయట పెద్దావిడ ఏదో అంటోంది, కూతురు ఊ కొడుతోంది.

"నా సరేనమ్మని చంపేశావు," అన్నాడు.

"నేనెవర్నండీ చంపడానికి. ఆవిడకి కాస్త గాలి ఆడనిచ్చాను."

"జనం ఏమన్నారు?"

"నవ్వారు."

"ఉత్తరాలు? నువ్వు నాకు చదివి వినిపించినవన్నీ..."

"ఆ బొమ్మలకి వచ్చినవే."

ఆయన చేతిలోని కాగితం ఒళ్లో పెట్టేశాడు. "ఒక రైలు గార్డు రాశాడు. మా ఆవిడ మీ సరేనమ్మ మాట కత్తిరించి వంటింటి గోడకి అంటించుకుంది అని. ఏ మాటో నువ్వు చదవలేదు."

"దాటేశాను."

"దానికి జవాబు చెప్పి నీచేత రాయించాను. ఆ మాట కోసం వారం రోజులు ఆలోచించానని."

"అవును."

"నువ్వు రాశావు."

"రాశానండీ."

నవ్వాల్సిన చోటే. ఇంకెవరి సంగతైనా అయితే ఇద్దరూ కలిసి నవ్వుకుని ఉండేవాళ్లు, దాన్ని రేపటి డబ్బాలోకి ఎక్కించి ఉండేవాళ్లు కూడా. ఆవిడకి ఆయన మీద జాలి వేసింది. ఆ జాలే ఆవిడ కొంప ముంచుతూ వచ్చింది. ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఈ బల్ల దగ్గరే, ముక్కు గుండ్రంగా తిరగక, పదకొండు కాగితాలు నలిపి పారేసి, ఏడ్చాడు. పదకొండేళ్లుగా ఆయన పెన్సిల్ గీతలు చెరిపి, నలుపు నింపుతూ వచ్చిన మనిషి కాబట్టి ఆవిడే పన్నెండోది గీసింది. అచ్చం ఆయన గీతే. మూడో మనిషికి తెలిస్తే నేను బతకను అన్నాడు. తెలియనివ్వను అంది. ఆ మాటతో ఈ గదికి గడియ పడింది. గడియకి లోపల పడింది ఆయన ఒక్కడే కాదు.

అరచేతంత ఆ డబ్బా లేకపోతే ఆవిడకి ఊపిరాడేది కాదు. ఆరేళ్లలో ఆవిడ పైకి అనలేనివన్నీ, అత్తగారితో, పప్పు తూచేవాడితో, ఆయనతో అనలేనివన్నీ, సరేనమ్మ నోటి పక్కన గీసిన గుండ్రటి బుడగలో అనేసింది. ఆ బుడగ తనది. కూతురు ముద్దుగా, గొప్పగా, పట్టిక వేసి మరీ దాన్ని ఆయనకి చూపించేసింది.

"ఆ కాగితం ఇటు పెట్టు," అన్నాడు ఆయన.

పెట్టింది. నాలుగే వాక్యాలు. 'ఈ పరిశీలనలోని బొమ్మలన్నీ, వాటిలోని మాటలన్నీ మొదటి నుంచి నేటి వరకు నేను ఒక్కడినే గీసి, రాసినవి.' కింద గీత.

"సంతకం పెట్టు."

"నేనా?"

"రోజూ బొమ్మ కింద ఎవరు పెడుతున్నారు?"

"అది బొమ్మండీ. ఇది దాని చదువు. ఇలాంటి దాని మీద దొంగ సంతకం..."

"నేను పెడితే నా చెయ్యి సంగతి ఆ ఒక్క గీతలో బయటపడుతుంది. మనిషిని చూసి మార్కులు వేసే చదువు చదివింది అది. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని ఆ మేడమ్ పత్రికవాళ్లకే ఫోన్ చేస్తుంది. చెప్పు, ఏది మేలు?"

ఆవిడ ఇంకు సీసా మూత తీసింది.

"ఇంకో మాట. రేపట్నుంచి సరేనమ్మ మునుపటి సరేనమ్మే. నేను చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదు. గీశాక నాకు చూపించు. నేను చూశాకే పంపాలి. ఇక నేను రోజూ చూస్తాను."

"ఎందుకు?"

ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. గుసగుసగా కూడా రాలేదు, మామూలు గొంతుతో వచ్చింది. గది ఇవతల గోడకీ అవతల గోడకీ కొట్టుకున్నట్టు వినబడింది.

ఆయన తలెత్తాడు. "పొద్దు తిరిగినప్పట్నుంచీ ఆ మాట ఈ కాగితాల్లో వందసార్లు చదివాను. నీ నోటితో వినడం మాత్రం ఇదే మొదలు," అన్నాడు. గొంతులో కోపం లేదు. లేకపోవడమే ఆవిడని భయపెట్టింది.

ఆయన రెండు చేతులూ ఆవిడ ముందుకి చాచాడు. దాచుకోకుండా, ఆపడానికి ప్రయత్నించకుండా. వేళ్లు దేన్నో వెతుక్కుంటున్నట్టు వణుకుతున్నాయి.

"ఇందుకు," అన్నాడు. "నాకు ఇంకేం మిగిలిందని? చెయ్యి పోయింది. సరే, ఆ ముక్కు నువ్వు గీస్తావు, పోనీ అనుకున్నాను. మాట నాదే కదా, నా మాటకే కదా జనం నవ్వుతున్నారు అనుకుని ఆరేళ్లు బతికాను. అదీ నాది కాదని ఇవాళ అన్నం ముందు కూర్చోబెట్టి చదివి వినిపించింది నా కూతురు. కనీసం ఇకమీదైనా అది నాకుండనీ."

ఆ మాట ఏ బుడగలోనూ పట్టేది కాదు. ఆయన పెదవి మీది తాడు పోగు తీసేసింది. పాళీ ఇంకులో ముంచింది. ఆయన సంతకం తోక పైకి తిప్పి, చివర చిన్న చుక్క పెట్టి, చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపులో పెట్టింది. ఆయన కన్నా బాగా ఆయనలా వచ్చింది.

"రాసుకో," అన్నాడు ఆయన వెనక్కి వాలుతూ, ఏమీ జరగనట్టు. "మొగుడు తలుపు దగ్గర నిలబడ్డాడు. 'వీధి తలుపు తాళంచెవి పోయింది. ఇవాళ నువ్వు బయటికి వెళ్లలేవు' అంటున్నాడు."

"సరేనమ్మ?"

"'సరే. నిన్న వెళ్లానా ఏమిటి?' గిన్నె మర్చిపోకు."

ఆవిడ డబ్బా గీసింది. మొగుణ్ణి గీసింది, తలుపు గీసింది, గడియ గీసింది. గుండ్రటి ముక్కు. ముడి. గిన్నె. బుడగలో ఆయన చెప్పింది చెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా రాసింది. ఆయన కళ్లు తెరిచి, ఆరేళ్ల తర్వాత మొదటిసారి తన సరేనమ్మని పచ్చి ఇంకులో చూసుకున్నాడు. చూసి నవ్వాడు. పసివాడిలా, నిజంగా నవ్వాడు.

"ఇదీ సరేనమ్మంటే! ఎంత అమాయకురాలో చూడు. జనం ఎన్నాళ్లకి మళ్లీ ఇలా నవ్వుతారో!"

ఆవిడ బుడగలోని మాటలు ఇంకోసారి చదువుకుంది. తాను సొంతంగా రాసిన వాటిలో ఏదీ ఇంత సూటిగా లేదు. ఆయనకది తెలియదు, ఎప్పటికీ తెలియదు. అది తలుచుకుంటే ఆవిడకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

*

ఐదున్నర కావస్తోంది. ఆరింటికల్లా బొమ్మ స్కాన్ చేసి పంపాలి. ముందు సంతకం కాగితం ఇచ్చేద్దామని ఆవిడ తలుపు తీసింది. కూతురు ఎదురుగానే నిలబడి ఉంది.

"పెట్టాడా?"

"పెట్టారు. తీసుకో."

కూతురు కాగితం లాక్కుని గుండెకి హత్తుకుంది. "హమ్మయ్య! చూశావా నానమ్మా, ఒట్టి తలనొప్పే." తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. "అమ్మా, పై చదువుకి నీ మీద రాస్తాను. అసలు సరేనమ్మ మీద. నువ్వయితే గచ్చు మీద గీతే, ఎక్కడా విరగవు."

కూతురి భుజం మీదుగా ఆవిడకి గోడ గడియారం కనిపిస్తోంది.

కూతురు కాగితం మళ్లీ ఎత్తి చూసుకుంది. చూసి, బొటనవేలు కేసి చూసింది. వేలికి నల్లగా అంటింది. సంతకం తోక కాస్త చెదిరింది.

"ఇంకా ఆరలేదు. నాన్న పాళీతో పెట్టాడా?" అంటూ తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి చూసింది. ఆయన కుర్చీలో వాలి ఉన్నాడు. చేతులు జేబుల్లో పెట్టుకోవడం మర్చిపోయాడు.

కూతురు చాలాసేపు చూసింది. ఆ చేతుల కేసి. వాటి వేళ్లకి ఎక్కడా మచ్చ లేదు. నేల మీద పరిచిన పాత కాగితాల కేసి, తెగిన తాళ్ల కేసి చూసింది. తర్వాత మెల్లిగా తల్లి కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తింది. మధ్యవేలు మొదటి కణుపు మీద, ఏళ్ల తరబడి పాళీ ఒత్తుకుని కాయ కాసిన చోట, నలుపు ఇంకా తడిగా మెరుస్తోంది.

"ఇంకు అందిస్తుంటే అంటిందే," అంది ఆవిడ.

కూతురు చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో పక్కనే భోజనాల బల్ల మీది కట్ట తిరగేసింది. ఐదో పట్టిక దగ్గర ఆగింది. వానాకాలం దాటాక గీత విరిగిన చోట వేలు పెట్టింది. వేలి ఇంకు అక్కడ కూడా అంటుకుంది.

"ఆ ఏడాది ఏమైందని నాన్ననే అడిగాను," అంది. గొంతు బాగా తగ్గిపోయింది. గుసగుసగా మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ దానికి నేర్పలేదు. "నిన్ను అడగాలని నాకు తోచనే లేదు. చెప్పమ్మా. ఇన్నాళ్లూ నేను కొలిచింది ఎవర్ని?"

"ఇదిగో," లోపల్నుంచి ఆయన పిలిచాడు, ఇంకా ఆ నవ్వు గొంతుతోనే. "ఆరవుతోంది. బొమ్మ పంపావా?"

కిటికీ పక్క కుర్చీలో, వినికిడి లేనట్టు నటించే పెద్దావిడ ఇటే చెవి పెట్టింది. కూతురి చేతిలో రేపు పొద్దున పది గంటలకి ఇవ్వాల్సిన కాగితం ఉంది. దాని మీద ఆయన పేరు ఉంది. ఆవిడ గడప మీద ఉంది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"నువ్వేం చెబితే అదే రాస్తానమ్మా," అంది కూతురు.

ఆవిడ నోరు తెరిచింది.